అరవై లెక్కపెట్టే దాకా

2016 జూన్‌లో నన్ను రాజమహేంద్రవరం వర్క్‌షాపు నుంచి పోలవరం దగ్గరి క్యాంపు షెడ్డుకు ఫోర్‌మన్‌గా వేశారు. శాఖ పేరు రాయను. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, ఆ శాఖకు ఇప్పుడు నా మీద కోపమూ లేదు, ఇప్పుడు కెలకడం ఎందుకు. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, ఇంజనీర్లకు కింద ఉండే ఉద్యోగం. పని చేయించాలి, చేసిన పనికి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే బండి రోడ్డెక్కుతుంది. కాగితం మీద ఆ షెడ్డుకు ఇద్దరు మెకానిక్కులు, ఒక హెల్పరు ఉన్నారు. నేను చేరేనాటికి ఆ మూడు పోస్టులూ ఖాళీ. కాబట్టి చేయించేవాణ్ణీ నేనే, చేసేవాణ్ణీ నేనే.

షెడ్డులో వేలానికి ఎదురుచూస్తున్న రెండు జీపులు, నడుస్తున్న కారు ఒకటి ఉండేవి. ఆ కారు ఒకప్పుడు జిల్లాలో పెద్ద అధికారులందరూ తిరిగిన గుండ్రటి తెల్ల కారే. కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. మా క్యాంపుకు అధికారి అయిన డీఈ గారు, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందులో తిరిగేవారు. దాన్ని నడిపేది దానియేలు గారు. నాకంటే మూడేళ్లు పెద్ద. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో బండికి గీత పడనివ్వని మనిషి. కుటుంబం సామర్లకోటలో ఉండేది, భార్య అక్కడ స్కూల్లో టీచరు. శనివారం సాయంత్రం వెళ్లి, ఆదివారం చర్చికి హాజరు వేయించుకుని, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవారు.

నాకు పెళ్లి కాలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే ట్రాన్స్‌ఫర్ల మీదికి తోసేస్తాను, వినేవాళ్లు పాపం అంటారు. నిజానికి నాతోపాటు ట్రాన్స్‌ఫర్లు అయినవాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి. క్యాంపులో ఆరు క్వార్టర్లుంటే మేమున్నవి రెండే. సాయంత్రం అన్నం నేను వండేవాణ్ణి, రెండు గ్లాసుల బియ్యం. కూర ఆయనది. సోమవారం క్యారియర్‌లో ఎండు రొయ్యలో, గోంగూర పచ్చడో వచ్చేది, బుధవారం దాకా లాగేవాళ్లం. భోజనానికి ముందు ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నంతసేపూ నేను ముద్ద కలపకుండా ఆగేవాణ్ణి. మాటలు పెద్దగా ఉండేవి కావు. అయినా ఆ ఆరు నెలలే నా ఉద్యోగంలో మనిషి తోడు తెలిసిన రోజులు.

మా వర్క్‌షాపుల్లో ఒక ఆచారం ఉంది. రూల్స్ పుస్తకంలో లేదు, పాత ఫోర్‌మన్ల నుంచి వచ్చింది. బ్రేకు పని ఏది చేసినా, బ్రేకు మీద ఫిర్యాదు ఏది వచ్చినా, పెడల్ మీద కాలు పెట్టాల్సింది ఆ బండి డ్రైవరే. ఫోర్‌మన్ కింద చూస్తాడు, డ్రైవరు పైన తొక్కుతాడు. చేసిన పని రాసే జాబ్ కార్డు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. రోజూ నూరుసార్లు తొక్కే కాలికి తెలిసింది, ఎప్పుడో వచ్చి ఒకసారి తొక్కే కాలికి తెలియదని దాని అర్థం. ఈ ఆచారాన్ని నేను కొత్తగా చేరిన మెకానిక్కులకు ఇరవై ఏళ్లు పాఠంగా చెప్పాను. చెప్పడం తేలిక.

ఆ డిసెంబరులో ఒక మధ్యాహ్నం డీఈ గారు గోదావరి దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాల్సి వచ్చింది. బళ్లనూ మనుషుల్నీ దాటించడానికి రేవులో పంటు ఉంటుంది. దాని మీదికి దిగే దారి బాగా వాలు. ముందు ఒక మోటారు సైకిలు, వెనక మా కారు. పంటు వచ్చే దాకా బండిని ఆపి ఉంచుదామని దానియేలు గారు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నారు. కాసేపటికి కారు ముందుకు జారి మోటారు సైకిలును పడేసింది. చేతి బ్రేకు లాగేసరికి ఆగింది. మోటారు సైకిలు మనిషికి మోచెయ్యి గీరుకుపోయింది, వెనక సీట్లో ఫోన్ చూసుకుంటున్న డీఈ గారి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. అంతకంటే ఏమీ కాలేదు. జారిన ఆ నాలుగడుగులూ నీళ్ల వైపే కాబట్టి డీఈ గారికి ప్రాణం పోయినంత పనైంది. ఆయన్ని నేను తప్పు పట్టను.

బండి షెడ్డుకు వచ్చింది. కాలు కింద పెడల్ నెమ్మదిగా దిగిపోయిందని దానియేలు గారన్నారు. నిద్రపోయాడని డీఈ గారన్నారు. పరీక్ష చేసి రిపోర్టు ఇమ్మని నన్నడిగారు. నేను సీట్లో కూర్చుని పెడల్‌ను దబదబా మూడుసార్లు తొక్కాను. రాయిలా ఉంది. కింద చూశాను, ఎక్కడా బ్రేక్ ఆయిల్ కారడం లేదు. ఆ ఆయిల్ పోసే డబ్బాలోనూ తగ్గలేదు. తన కాలితో ఒకసారి చూస్తానని దానియేలు గారు ముందుకొచ్చారు. గుద్దినవాడికి మళ్లీ సీటా అని డీఈ గారు అడ్డుపడ్డారు. అక్కడ నేను నోరు తెరవాల్సింది. ఇది మా షెడ్డు ఆచారం సార్ అంటే సరిపోయేది. అనలేదు. 'బ్రేకులు పరీక్షించాను. పెడల్ గట్టిగా ఉంది. లోపం కనిపించలేదు' అని మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం దానియేలు గారు అన్నానికి వచ్చారు కానీ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగారు.

"ఎంతసేపు పట్టి చూశారండి?"

"చూడాల్సినంతసేపు చూశానండి" అన్నాను.

"సర్లెండి" అని వెళ్లిపోయారు.

వారంలో ఆర్డరు వచ్చింది. దానియేలు గారిని డ్రైవింగ్ నుంచి తప్పించి గేటు డ్యూటీకి వేశారు. సర్వీసు రిజిస్టరులో 'నిర్లక్ష్యంగా వాహనం నడిపినందున' అని రాశారు. ఆయనకు రిటైర్మెంటు వచ్చే అక్టోబరు ఆఖరుకు. మిగిలిన పది నెలలూ అలా గడిచిపోతే, ముప్పై ఏళ్ల పుస్తకంలో ఆఖరి పేజీ మీద ఆ మాటే నిలిచిపోతుంది. ఆయనకు జీతం తగ్గలేదు, పెన్షను పోలేదు. పోయింది డ్రైవరన్న పేరు. ఖాకీ చొక్కా మానేసి తెల్ల చొక్కాతో గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఎదురుపడితే "నమస్కారమండి" అనేవారు. గోదావరి వాళ్లకు కోపం వస్తే అండీలు తగ్గవు, పెరుగుతాయి. ఆయన నాతో అంత మర్యాదగా అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.

భోజనం ఆయన గేటు గదిలోనే చేసేవారు. మొదటి వారం నేను అలవాటుగా రెండు గ్లాసుల బియ్యం కడిగి, మళ్లీ ఒకటి తీసి ఆరబెట్టిన రోజులున్నాయి. కంచం ముందు కూర్చున్నాక, ఎదురుగా ఎవరూ కళ్లు మూసుకుని లేకపోయినా, చెయ్యి ఒక్క నిమిషం ఆగేది. ఒంటరిగా ఉండేది. ఆ మాట అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు, దోమలెక్కువ అనేవాణ్ణి. నా రిపోర్టు మీద మాత్రం అనుమానం రాలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకాన్ని నేను. పాతికేళ్ల అనుభవం ఉన్న కాలు అబద్ధం చెప్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. డీఈ గారికి అద్దె కారు పెట్టారు. తెల్ల కారు షెడ్డులో ఉండేది, సామాను కోసం పదిహేను రోజులకొకసారి నేనే రాజమహేంద్రవరం తీసుకెళ్లేవాణ్ణి. ఆగస్టులో ఒకరోజు అలాగే వెళ్తుంటే, కొవ్వూరు దగ్గర రైల్వే గేటు పడింది. గేటు ముందు రోడ్డు కొంచెం వాలు. గూడ్సు బండి చాలా పొడుగు, తరగడం లేదు. వాన తుంపర పడుతోంది. నేను బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి కూర్చున్నాను. ఎదురుగా వ్యాగన్లు లెక్కపెడుతున్నాను.

నా కాలు కింద పెడల్ కదిలింది. దిగింది అనడానికి కూడా లేదు. ఊడ్పుల మడిలో నిలబడితే పాదం దానంతటదే లోపలికి పోతుంది చూడండి, అలా పోయింది. కారు ముందుకు ఒక అడుగు జారింది. గబుక్కున మళ్లీ తొక్కాను, రాయిలా నిలబడింది. కాలు తేలిక చేసి మళ్లీ ఆనించాను. కొద్దిసేపు నిలిచి, మళ్లీ పోయింది. గేటు లేచి వెనక లారీ హారన్ కొడుతున్నా నాకు గేరు వేయబుద్ధి కాలేదు. దానియేలు గారు రేవులో చెప్పింది ఇదే. అక్షరాలా ఇదే.

ఎందుకలా అవుతుందో చెప్పాలి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ అనే ఇనప గొట్టంలో ఒక పిస్టన్ ముందుకు పోయి, బ్రేక్ ఆయిల్‌ను పైపుల గుండా నాలుగు చక్రాలకూ తోస్తుంది. ఆయిల్ వెనక్కి రాకుండా పిస్టన్‌కు రబ్బరు కప్పు ఉంటుంది. ఆ కప్పు అంచు అరిగిపోతే, గట్టిగా ఒక్కసారి తొక్కినప్పుడు ఒత్తిడికి గోడకు అతుక్కుని బాగానే ఆపుతుంది. మెత్తగా, ఎక్కువసేపు పట్టి ఉంచితే ఆయిల్ అంచు పక్కనుంచి జారి వెనక్కి, సిలిండర్ లోపలికే పోతుంది. బయటికి చుక్క కారదు, డబ్బాలో తగ్గదు. దబదబా తొక్కి చూసేవాడికి ఎప్పటికీ దొరకదు. దబదబా తొక్కి చూడటం ఫోర్‌మన్ల జబ్బు. వాలులో బండి ఆపుకుని కూర్చునే ఓపిక డ్రైవర్ది.

ఆ రోజే రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో పాత సామాన్ల షాపుకు వెళ్లాను. ఆ కారు మాస్టర్ సిలిండర్ అడిగితే షాపాయన నన్ను ఎగాదిగా చూసి, నిచ్చెన వేసుకుని పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించాడు. తిరుగు ప్రయాణం కొవ్వూరు మీదుగా చీకటి పడకుండా, చేతి బ్రేకు మీద నమ్మకంతో, ఎద్దు బండి వేగంతో చేశాను. మర్నాడు పాతది విప్పి బల్ల మీద కోసి చూశాను. కప్పు అంచు ఒకవైపు పలచబడి మెరుస్తోంది. సిలిండర్ గోడ మీద తుప్పు గీత ఒకటి వేలి గోరుకు తగిలింది. ఇవి ఎనిమిది నెలల్లో వచ్చినవి కావు.

కొత్తది బిగించడం గంట పని. అసలు పని ఆ తర్వాతే. పైపులు విప్పినప్పుడు లోపలికి గాలి పోతుంది. ఆయిల్‌ను నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పైపులో గాలి బుడగ ఉంటే మన ఒత్తిడంతా దాన్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు, పెడల్ దూది దిండులా ఉంటుంది. కాబట్టి గాలి తీయాలి. కొత్త సిలిండర్‌ను ముందు బల్ల మీద వైస్‌లో బిగించి, ఆయిల్ పోసి, రెండు చిన్న గొట్టాలు దాని డబ్బాలోకే వంచి పెట్టి, పిస్టన్‌ను రాడ్డుతో నెమ్మదిగా తోస్తూ బుడగలు ఆగేదాకా చూడాలి. అది ఒక్కడే చేసుకోవచ్చు. చేసుకున్నాను. బండికి బిగించాక మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, రెండోవారు చక్రం వెనక నిపుల్ అనే చిన్న మరను వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్లీ బిగించాలి. బిగించే దాకా పైవాడు కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది.

నేను ఒకటిన్నర రోజు ఒక్కడినే ప్రయత్నించాను. సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ముక్క పోటు పెట్టి, పరుగున పోయి చక్రం కింద పడుకునేవాణ్ణి. నిపుల్ వదులు చేయగానే పెడల్ కిందికి పోయేది, కర్ర జారి పడేది, పెడల్ పైకి లేచేది, నిపుల్‌కు తగిలించిన గొట్టంలోంచి గాలి గుటకలు వేసుకుంటూ లోపలికి పోయేది. లేచి, మోకాలు రుద్దుకుని, మళ్లీ కర్ర. సీసాలో ఆయిల్ ఉంచి గొట్టం అందులో ముంచి తొక్కే పద్ధతీ ఉంది, అదీ చేశాను. పెడల్ మెత్తగానే ఉంది. ఒక చేత్తో చప్పట్లు మోగవని తెలిసీ కొడుతూ కూర్చున్నాను.

తొక్కడానికి దారినపోయే మనిషినెవరినైనా పిలవచ్చు. పైపుల్లో గాలి తీయడానికి అది చాలు. కానీ చివర్లో పెడల్ మీద కాలు పెట్టి బాగుందని చెప్పాల్సింది డ్రైవరు. నా కాలి సంగతి కొవ్వూరు గేటు దగ్గర తేలిపోయింది. అసలు కారణం ఇంకొకటి. ఆ ఒకటిన్నర రోజూ నేను భయపడ్డాను. షెడ్డుకూ గేటుకూ మధ్య ఎనభై అడుగులుంటాయేమో, ఆ దూరం నడవలేక కర్రతో కుస్తీ పట్టాను.

రెండో రోజు మధ్యాహ్నం వెళ్లాను. ఆయన కుర్చీలో బైబిలు చదువుకుంటున్నారు.

"మాస్టర్ సిలిండర్ మార్చానండి. గాలి తీయాలి. పెడల్ దగ్గర మనిషి కావాలి" అన్నాను.

"ఏ బండికండి?" అన్నారు. క్యాంపులో నడిచే మా బండి ఒకటే.

"తెల్ల కారుకండి."

ఆయన కళ్లజోడు తీసి బైబిల్లో పెట్టి మూశారు. గేటు ఎవరు చూస్తారని అడిగారు. తాళం వేయమన్నాను. తాళం వేసి, లాగి చూసి, నా వెనకే వచ్చారు. షెడ్డులో బల్ల మీద కోసిన పాత సిలిండర్, పక్కన రబ్బరు కప్పు అలాగే ఉన్నాయి. నేను దాచలేదు, చూపించనూ లేదు. ఆయనే కప్పు తీసుకుని, అరిగిన అంచు మీద బొటనవేలు ఆనించి చుట్టూ తిప్పారు. వేలు గుడ్డకు తుడుచుకుని, చెప్పులు విడిచి, సీట్లో కూర్చున్నారు. నేను గోనె సంచి పరుచుకుని కిందికి దూరాను.

గాలి తీసేటప్పుడు పైవాడూ కిందివాడూ ఒకరికొకరు కనిపించరు. అందుకని పిలుపూ బదులూ ఉంటాయి. కిందివాడు తొక్కమంటే పైవాడు "తొక్కా" అనాలి. పట్టమంటే "పట్టా" అనాలి. ఆ మాట వినిపిస్తేనే నిపుల్ వదులు చేయాలి. డ్రైవరు కూర్చునేది కుడివైపు కాబట్టి సిలిండరూ అటే ఉంటుంది. దానికి అన్నిటికంటే దూరం ఎడమ వెనక చక్రం, మొదలు అక్కణ్నుంచే. నేను "తొక్కండి" అన్నాను. బదులు లేదు. పెడల్ కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది. "పట్టండి" అన్నాను. తలుపు మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టారు. బదులు ఇచ్చినట్టే, మాట ఇవ్వనట్టే. నిపుల్ వదులు చేశాను, సీసాలో బుడగలు గలగలా వచ్చాయి. బిగించి "వదలండి" అన్నాను. మళ్లీ ఒక దెబ్బ.

ఆ చక్రానికి పదిహేనుసార్లు, కుడి వెనక చక్రానికి పదీ పన్నెండుసార్లు అలాగే జరిగింది. నేను మాట, ఆయన దెబ్బ. మధ్యలో డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా నేను లేచి పోయాల్సి వచ్చింది. డబ్బా ఖాళీ అయితే చేసిన పనంతా మొదటికొస్తుంది. పోస్తున్నప్పుడు కూడా ఆయన అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చున్నారు. అంత దగ్గరగా అంతసేపు మేం ఉండి ఎనిమిది నెలలైంది. ముందు ఎడమ చక్రం దగ్గర నిపుల్ మీద పానా జారి నా కణుపులు చెక్కుకున్నాయి, అబ్బా అన్నాను.

"తగిలిందాండి?" అన్నారు పైనుంచి.

"ఏం లేదండి. పట్టండి."

"ఆయ్. పట్టానండి."

అక్కణ్నుంచి బదులు మాటల్లోనే వచ్చింది. నాలుగో చక్రం అయ్యేసరికి సీసాలో బుడగ లేదు. నేను బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, పక్క సీట్లో కూర్చున్నాను. రేవులో పట్టినట్టే పట్టమన్నాను. ఆయన కాలు ఆనించారు. నేను వాచీ చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం అయింది. రెండో నిమిషమూ అయింది. పెడల్ కదల్లేదు.

"ఆ రోజు కూడా ఇంత మెత్తగానే పట్టుకున్నానండి" అన్నారాయన.

మీ మాటే నిజమని, నా కాలు తప్పు చెప్పిందని అన్నాను. ఎనిమిది నెలల తర్వాత నా నోట్లోంచి వచ్చింది అంతే. దానికి ఆయన తలతిప్పి నన్ను చూశారు.

"కాలేం తప్పు చెప్పలేదండి. మీరే తొందరపడ్డారు" అన్నారు.

జాబ్ కార్డు తీసి నా సంతకం పెట్టి, కలంతో సహా ఆయనకు ఇచ్చాను. ఆయన పైనుంచి కిందిదాకా చదివి, కార్డు నా ఒళ్లో పెట్టారు. "అక్కడ ఉండాల్సింది డ్రైవరు సంతకం కదండి. నేను గేటు మనిషిని" అన్నారు. అందులో వెటకారం లేదు. ఆర్డరు అదే చెప్తోంది. చెప్పులు వేసుకుని వెళ్లి గేటు తాళం తీశారు.

చీకటి పడేలోపే డీఈ గారి ద్వారా పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. డిసెంబరులో నేనిచ్చిన రిపోర్టు తప్పు, పరీక్ష సరిగా చేయలేదు, డ్రైవరును పెడల్ మీద కాలు పెట్టనివ్వలేదు, డ్రైవరు చెప్పిన లోపం నిజం, పాత భాగం పరిశీలనకు సిద్ధంగా ఉంది అని రాసి, అరిగిన కప్పును కవర్లో పెట్టి జత చేశాను. రెండో రోజు డీఈ గారు ఫోన్ చేశారు. ఆయన చెడ్డవాడు కాదు, గొడవలు ఇష్టం లేనివాడు. "ఏంటండీ ఇది? మీ తప్పని మీరే రాసుకుంటే మెమో మీకే వస్తుంది. అతను ఎలాగూ రెండు నెలల్లో దిగిపోతాడు. అద్దె కారు గడువు అయిపోవస్తోంది, బండి కావాలి, ఎవరితోనో ఒక సంతకం పెట్టించండి" అన్నారు. కార్డు మీద డ్రైవరు సంతకం లేనిదే బండి వదలడం కుదరదని, ఈ బండికి డ్రైవరు ఒకడే ఉన్నాడని చెప్పాను. ఈసారి కూడా కుందేలుకు మూడే కాళ్లు. అయితే ఈసారి ఆ కుందేలు నిజమైనది.

మెమో వచ్చింది. మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో ఏడు రోజుల్లో తెలపమన్నారు. తీసుకోవచ్చని రాశాను. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది. తెల్ల కారు ఏడు వారాలు షెడ్డులో కదలకుండా ఉంది. అక్టోబరు రెండో వారంలో దానియేలు గారి ఆర్డరు వచ్చింది. నిర్లక్ష్యం అన్న మాట కొట్టివేస్తూ, తిరిగి డ్రైవరు విధుల్లోకి తీసుకుంటున్నట్టు రాశారు. ఆయనకు మిగిలింది ఇరవై రోజులు. మర్నాడు పొద్దున ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో షెడ్డుకొచ్చి, కార్డు అడిగి, సంతకం పెట్టి, కింద ఆనాటి తేదీ వేశారు.

మొదటి ప్రయాణం ఏరు దాటి అవతలికే. వరద తగ్గి పంటు మళ్లీ నడుస్తోంది. డీఈ గారు నన్నూ రమ్మన్నారు, ముందు సీట్లో కూర్చున్నాను. రేవు వాలులో మా ముందు ఒక ఆటో ఉంది. పంటు ఇంకా నడి ఏట్లో ఉంది. వెనక డీఈ గారు ఫోన్ లోపల పెట్టేసి, సీటు అంచు పట్టుకున్నారు. దానియేలు గారు చేతి బ్రేకు ముట్టుకోలేదు. పెడల్ మీద కాలు ఆనించి, నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. పంటు వచ్చి ఆనే దాకా కారు వెంట్రుకవాసి కదల్లేదు.

ఆ సాయంత్రం నేను రెండు గ్లాసుల బియ్యం కడిగి, వెళ్లి పిలిచాను. "గేటు గదిలో తినడం అలవాటైపోయిందండి. ఏమీ అనుకోకండి" అన్నారు. అనుకోలేదు. అనుకునే హక్కు లేదు. నెలాఖరున శాలువా కప్పి, దండ వేసి పంపించాం. బస్సు ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుని "ఉంటానండి ఫోర్‌మన్ గారు" అన్నారు. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కు ఆయన ఫోన్ నుంచి అందరికీ పంపే బొమ్మ ఒకటి నాకూ వస్తుంది. నేను నమస్కారం పెడతాను. నన్ను పేరు పెట్టి పిలిచే మాట ఏదీ ఆ బొమ్మలో ఉండదు. రాజమహేంద్రవరంలో నా గదిలో ఇప్పటికీ అన్నం ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

నా సర్వీసులో మిగిలిన మూడేళ్లూ నేను ఒక పద్ధతి పాటించాను, నా దగ్గర పనిచేసినవాళ్లచేతా పాటింపజేశాను. బ్రేకు ఫిర్యాదు వస్తే పెడల్‌ను దబదబా తొక్కకూడదు. డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, మెత్తగా కాలు ఆనించమని, పైకి వినపడేలా అరవై లెక్కపెట్టాలి. అరవై అయ్యే దాకా కాగితం ముట్టుకోకూడదు. దానియేలు గారు గుమ్మంలో నిలబడి ఎంతసేపు పట్టి చూశారని అడిగినప్పుడు, ఆయనకు ఆ లెక్క తెలుసు. నేను ఆ రోజు పది కూడా లెక్కపెట్టలేదు.